పక్షవాతం: మొదటి నాలుగున్నర గంటలే కీలకం

పనిచేసుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోతుంది. చెయ్యి పడిపోతుంది. మాట ముద్దగా వస్తుంది. ‘గాలి సోకింది’ అంటారు కొందరు. పావురం రక్తం పూస్తే నయమవుతుందని కొన్ని పల్లెల్లో నేటికీ నమ్మకం. దాని కోసం తిరిగేసరికి పూట గడిచిపోతుంది. మనిషిని కాపాడుకోవలసిన సమయం ఆ పూటే.

పక్షవాతం పుట్టేది చేతిలోనో, కాలిలోనో కాదు, మెదడులో. ఎక్కువ మంది రోగుల్లో మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటమే కారణం. కాలువ పూడితే చివరి మడి ఎండినట్లు, రక్తం అందని మెదడు కణాలు చచ్చిపోతాయి. నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు నశిస్తాయని లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు.

గడ్డను కరిగించే ఇంజక్షన్ 3 గంటల లోపల ఇస్తే మేలని 1995లో అమెరికా పరిశోధన రుజువు చేసింది. నాలుగున్నర గంటల వరకు ఇవ్వవచ్చని జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన వెర్నర్ హాక్ బృందం 2008లో తేల్చింది. పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టం పంపి బయటికి లాగే చికిత్స 2015లో నెదర్లాండ్స్ తదితర దేశాల పరిశోధనల్లో నెగ్గింది. ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు ఇది పనిచేస్తుందని 2018లో వెల్లడైంది. అయినా ఎంత త్వరగా చేస్తే అంత మేలు.

కొందరికి నాళం చిట్లి మెదడులో రక్తం కారుతుంది. ఇది కాలువకు గండి పడటం వంటిది. వీరికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణానికే ముప్పు. పైకి లక్షణాలు రెండింటికీ ఒకటే. తేడా చెప్పేది సి.టి. స్కాన్. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వంటి బిళ్లలు మింగించరాదు. మింగుడు పడక పొలమారే ప్రమాదం ఉంది కనుక నీళ్లు, పసరు కూడా పోయరాదు.

నవ్వమంటే మూతి ఒక పక్కకు పోయినా, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. లక్షణాలు మొదలైన వేళ గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పాలి. కాసేపటికి తగ్గిపోయినా ఊరుకోరాదు, అది రాబోయే ముప్పుకు హెచ్చరిక కావచ్చు.

అన్ని ఆసుపత్రుల్లోనూ ఈ చికిత్స ఉండదు. దగ్గరలో స్కాన్, ఇంజక్షన్ ఎక్కడ ఉన్నాయో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందే అడిగి తెలుసుకోవాలి. బి.పి. ఉన్నవారు రోజూ మాత్ర వేసుకుంటే అసలు ఆ అవసరమే రాకపోవచ్చు.