డాబా మీద కరెంటు

అక్కా, మీ ఇంటి కరెంటు బిల్లు ఒకసారి చేతిలోకి తీసుకోండి. అంకెలు చదవడం ఇప్పుడు మనకు వచ్చు కదా! అందులో 'యూనిట్లు' అన్న మాట ఎక్కడుందో వెతకండి. దాని ఎదురుగా ఉన్న అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టండి.

సోలారు పలకలు పెడతామంటూ ఇంటికి మనుషులు వస్తారు. "మూడు కిలోవాట్లు పెట్టించండమ్మా, బిల్లే రాదు" అంటారు. మూడెందుకు? రెండు చాలవా? ఒకటి చాలదా? అది చెప్పాల్సింది వాళ్లు కాదు. మీరు సున్నా చుట్టిన ఆ అంకె.

యూనిట్ అంటే ఏమిటి? వెయ్యి వాట్ల సామాను ఒక గంట నడిస్తే ఒక యూనిట్. పాత ఫ్యాను 75 వాట్లు. పది గంటలు తిరిగితే 750. అంటే ముప్పావు యూనిట్. వెయ్యి వాట్లనే కిలోవాట్ అంటారు. ఒక కిలోవాట్ పలకలు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. నెలకు 120. వానాకాలం మబ్బు పడితే తగ్గుతుంది.

పొన్నూరులో ఒక ఇల్లు అనుకుందాం. అత్త, కోడలు, కొడుకు, ఇద్దరు పిల్లలు. నెలకు 240 యూనిట్లు కాలుతుంది. 240ని 30తో భాగిస్తే రోజుకు 8. ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే 2. రెండు కిలోవాట్లు సరిపోతాయి.

"అయితే రెండు పెట్టిద్దామా అమ్మాయ్?" అంది అత్త.

"ఆగండత్తయ్యా, రూపాయల్లో కూడా లెక్క చూద్దాం" అంది కోడలు.

కరెంటు రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. 75 దాకా రూ.3. 125 దాకా రూ.4.50. 225 దాకా రూ.6. 400 దాకా రూ.8.75. ఈ లెక్కన 240 యూనిట్లకు రూ.1,148 అవుతుంది. మిగతా చార్జీలు వేరే.

ఒక్క కిలోవాట్ పెడితే 120 యూనిట్లు తగ్గుతాయి. మిగిలిన 120కి అయ్యేది రూ.394. అంటే నెలకు రూ.754 మిగులు. రెండో కిలోవాట్ కూడా పెడితే ఇంకో రూ.394 మాత్రమే మిగులుతుంది. ఎందుకంటే సోలారు ముందు పై మెట్టునే కోస్తుంది. కింది మెట్టు ఎలాగూ చవకే.

నెలకు 70 యూనిట్లే కాల్చే ఇల్లయితే బిల్లు రూ.177. ఆ ఇంటికి అప్పు చేసి సోలారు పెట్టడం ఎందుకు? నా మట్టుకు వద్దంటాను.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 'పీఎం సూర్య ఘర్' పథకం పెట్టింది. ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడుకు రూ.78,000 సబ్సిడీ. ఎంత పెద్దది పెట్టినా అంతకు మించి రాదు. ముందు పని జరగాలి, తర్వాతే ఈ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో చూసుకోండి. చనిపోయిన మామగారి పేరునే ఉంటే ముందు పేరు మార్పించాలి. పథకంలో నమోదైన వారితోనే పని చేయించాలి. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర రాయించుకోండి. డబ్బంతా ముందే ఇవ్వకండి.

ఇక చోటు. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. డాబా మీద మనం మిరపకాయలు, వడియాలు ఎండబెట్టేది కూడా అక్కడే. పలకల కింద నీడ పడుతుంది, వడియాలు ఎండవు. అందుకే ఏ మూల వదలాలో ముందే మీరు చెప్పండి. మగవాళ్లకు ఇది గుర్తు రాదు! పలకలు దక్షిణం వైపు చూడాలి. మన దగ్గర సుమారు 16 డిగ్రీల వాలు చాలు. వేపచెట్టు నీడ, నీళ్ల ట్యాంకు నీడ పడకూడదు. ఒక మూల నీడ పడినా కరెంటు బాగా తగ్గుతుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. లైనులో కరెంటు పోతే ఈ సోలారు కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అలా తయారు చేశారు. కరెంటు పోయినప్పుడు కూడా వెలగాలంటే బ్యాటరీ కావాలి. మూడు 9 వాట్ల బల్బులు, రెండు ఫ్యాన్లు కలిపి 177 వాట్లు. నాలుగు గంటలకు 708. ఇన్వర్టరుకు వాడే 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1,800 ఉంటుంది. సగానికి మించి వాడితే అది త్వరగా పాడవుతుంది. కాబట్టి ఒక బ్యాటరీ చాలు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ గాలి మనకు తెలుసు. పలకల కాళ్లు శ్లాబులోకి బోల్టులతో బిగించారా, ఉత్త ఇటుకలు పేర్చి నిలబెట్టారా? పని చేసేవాళ్లు దిగి వెళ్లకముందే డాబా ఎక్కి చూడండి. పలకల మీద దుమ్ము పేరుకుంటే పొద్దు ఎక్కకముందే మామూలు నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడగండి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు.