పసివారి చేతికి బొమ్మల పుస్తకము

అక్షరములు రాని బిడ్డ పుస్తకమును చదువలేడు గాని చూడగలడు. చూచినదానిని గురించి మాటలాడగలడు. పసివారికి పుస్తకము లెన్నుకొనునపుడు పెద్దలు తరచుగా మరచునది ఈ చిన్న సంగతియే. ఇందు పాఠమెంత యున్నది, నీతి యేమున్నది అని విచారింతురే గాని, ఈ బొమ్మను చూచి బిడ్డ నోరు విప్పునా యని విచారింపరు.

నల్లగొండ జిల్లా ఉపాధ్యాయునకు ఈ విచారణ మరింత అవసరము. దేవరకొండ ప్రాంతమున లంబాడీ తండాలు పెక్కు కలవు. ఇంట లంబాడీ మాటలాడు బిడ్డకు బడిలోని తెలుగు క్రొత్త భాష. తెలుగింటి బిడ్డకు సైతము వాచకపు భాష అవ్వ నోట విన్న పలుకుబడికి దూరమే. అట్టి బిడ్డ పలుకక కూర్చున్నచో తెలివి తక్కువవాడని పొరబడుట సులభము. ఒక మంచి బొమ్మ నతని ముందుంచుడు. తానెరిగిన మేకను, తాటిచెట్టును, గుట్టను చూపి తన మాటలతో చెప్పును. ఆ మాట ప్రక్కన గురువు తెలుగు మాటను చేర్చిననాడు చదువు మొదలైనట్లే.

బొమ్మతో కథ చెప్పుట మన నేలకు క్రొత్త గాదు. పానగల్లులోని పచ్చల సోమేశ్వరాలయమున పురాణగాథలు శిల్పములై యున్నవి. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పటములను విప్పుచు కథకులు ఊరూర కులపురాణములను వినిపించిరి. ఐరోపాలో కొమీనియస్ అను విద్యావేత్త 1658లో ప్రకటించిన బొమ్మల పాఠ్యగ్రంథమున అక్షరధ్వనులను కాకి కూతతోను, గొర్రెపిల్ల అరుపుతోను జతచేసెను. ఆటకును చదువునకును వైరము లేదని ఆయన ఆనాడే గ్రహించెను.

తెలుగున 1945లో 'బాల', 1947లో 'చందమామ' వెలువడి చదువనేర్చిన పిల్లల నలరించినవి. 1957లో నెలకొన్న చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, నేషనల్ బుక్ ట్రస్టు ఇంకను చిన్నవారికి బొమ్మల పుస్తకములను అందించినవి. విశాలాంధ్ర దుకాణములలో సోవియట్ బాలల పుస్తకములు చౌకగా దొరకెడివి. 1991లో ఆ దేశము విచ్ఛిన్నమైన పిదప వాని రాక నిలిచిపోయెను. వానిలో కొన్నింటిని 'మంచి పుస్తకం' సంస్థ మరల అచ్చువేసినది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ ద్వారా తెలుగుతో సహా పలు భాషల బొమ్మల కథలను ఉచితముగా అందింప నారంభించిరి.

ఇన్నింటిలో దేని నెన్నుకొనవలెను? రష్యా జానపదుల దుంపకథ నొకటి చూతము. తాత పెంచిన పెద్ద దుంప ఎంత లాగినను ఊడిరాదు. అవ్వ, మనుమరాలు, కుక్క, పిల్లి ఒకరి వెనుక నొకరు పట్టుకొని లాగుదురు. తుదకు చిట్టెలుక వచ్చి చేరగా దుంప ఊడివచ్చును. ఇందు నీతివాక్యము వేరుగా అక్కరలేదు. తరువాత ఎవరు వత్తురో బిడ్డ ఊహించును. తరగతి యంతయు వరుసగట్టి లాగి యాడును. అందరికంటె చిన్న ప్రాణితో పని నెరవేరినందుకు తరగతిలో అందరికంటె చిన్నవాడు మురియును. ఎరిక్ కార్ల్ 1969లో ప్రచురించిన గొంగళిపురుగు కథలో పురుగు తిన్న పండ్లకు నిజముగనే రంధ్రములుండును. బిడ్డ అందు వ్రేలు దూర్చక మానడు.

కావున బొమ్మ వెనుక వరుసకు కూడ కనబడునంత పెద్దదై యుండవలెను. మాటలు కొలదిగా నుండి మరల మరల వచ్చుచుండవలెను. పుట త్రిప్పక పూర్వమే తరువాతి సంగతి నూహించుటకు చోటుండవలెను. వాక్యము చెప్పినదానినే బొమ్మయు చెప్పి యూరకున్నచో అట్టి పుస్తకమును విడువవచ్చును. వీలైనచో కొనక ముందు నలుగురు పిల్లలకు చూపుడు. వారు మరల చూపుమని యడిగినదే కొనదగినది.

2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకము బడి గ్రంథాలయములకు స్థాయినిబట్టి ఏటా 5,000 నుండి 20,000 రూపాయల వరకు నిర్ణయించెను. ఆ సొమ్ముతో కొన్న పుస్తకములు బీరువాలో తాళము క్రింద నున్నచో ఫలము లేదు. పుటలు చిరుగునను భయము వలదు. చిరిగిన పుటను జిగురుతో అతికింపవచ్చును. మొదటి తరగతిలోనే పుస్తకమనిన జంకు పుట్టిన బిడ్డను మరల దానికి చేరువ చేయుట అంత సులభము గాదు.