‘మానెయ్’ అనే ముందు... ఏం తాగుతున్నాడో అడగండి!

నేను డీఅడిక్షన్ కౌన్సెలర్‌ని అనగానే ఎదుటివాళ్లు మొదట అడిగేది ఒక్కటే... ‘అంటే, తాగొద్దని చెప్తారా?’ అని. నవ్వేసి ఊరుకుంటా. తాగొద్దని చెప్పడానికి చదువెందుకు? ఆ మాట మా నాయనమ్మ చిన్నాయనకి రోజుకి పదిసార్లు చెప్పేది, ఏ పుస్తకమూ చదవకుండానే!

నేను చదువుకున్నది వేరే. ఏ మత్తు మెదడులో ఏం చేస్తుంది, అది ఉన్నట్టుండి ఆగిపోతే ఒంట్లో ఏం జరుగుతుంది అన్నది. అది తెలియకే మా ఇంట్లో ఒక ప్రాణం పోయినంత పనైంది.

ఆ మూడు రోజులు

అది 2015. నేను ఇంటర్ చదువుతున్నా. మాది పాలమూరు వైపు పల్లెటూరు. సాయంత్రమైతే చిన్నాయన కల్లు దుకాణంలో ఉండాల్సిందే. చెట్టు నుంచి దింపిన కల్లు ఊరందరికీ ఎక్కడ సరిపోతుంది? అందుకే మత్తు మందులు కలిపి అమ్మేవాళ్లు. డైజోఫాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్... ఈ పేర్లేవీ అప్పుడు మాకు తెలియవు. ‘మందు కల్లు’ అనేవాళ్లు, అంతే.

ఆ ఏడాది తెలంగాణలో కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా దాడులు చేశారు. చాలా ఊళ్లలో మందు కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. ‘ఇదే అదను, మాన్పిద్దాం’ అనుకున్నారు మావాళ్లు. చిన్నాయనని వెనక గదిలో పెట్టి తాళం వేశారు. ‘ఎంత బతిమాలినా తియ్యకు’ అంటూ తాళం చెవి నా చేతికిచ్చారు.

మొదటి రోజంతా అరుపులు. రెండో రోజు చేతుల వణుకు, చెమటలు, నిద్ర లేదు. మూడో రోజు గోడతో మాట్లాడటం మొదలెట్టాడు. మంచం మీద ఎలుకలు తిరుగుతున్నాయని దులుపుకుంటున్నాడు. ‘గాలి సోకింది’ అంది నాయనమ్మ. సాయంత్రానికి ఫిట్స్! తాళం తియ్యబోతే నా చేతులు వణికి చెవి లోపలికి దూరలేదు. పక్కింటాయన ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. చిన్నాయన బతికాడు. ఆ తాళం చెవి మాత్రం చాలా ఏళ్లు నా కలలోకి వచ్చేది.

బ్రేకు, యాక్సిలరేటర్

డిగ్రీలో సైకాలజీ తీసుకున్నా. తర్వాత హైదరాబాద్‌లో వ్యసనాల కౌన్సెలింగ్ కోర్సులో చేరా. అక్కడ నన్ను భయపెట్టిన పేపర్ ఒక్కటే, సైకోఫార్మకాలజీ. అంటే మత్తు మందులు మెదడు మీద ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం. కౌన్సెలింగ్ అంటే ఓపిగ్గా వినడం, మాట్లాడటం అనుకుని వస్తే ఈ కెమిస్ట్రీ ఏంటిరా బాబూ అనుకున్నా.

ఓ రోజు క్లాసులో మేడమ్ బోర్డు మీద రెండే మాటలు రాశారు... గాబా, గ్లూటమేట్. మెదడుకి మొదటిది బ్రేకు, రెండోది యాక్సిలరేటర్. మద్యం, అల్ప్రాజోలం లాంటివి బ్రేకుని గట్టిగా తొక్కుతాయి. అందుకే హాయిగా, నిద్రగా ఉంటుంది. అలా ఏళ్ల తరబడి రోజూ తొక్కుతుంటే మెదడు ఊరుకోదు. బండి ఆగిపోకుండా తన బ్రేకుని వదులు చేసుకుని, యాక్సిలరేటర్ పెంచుకుంటుంది. అందుకే మొదట ఒక సీసాకి ఎక్కిన మత్తు తర్వాత మూడు సీసాలకి గానీ ఎక్కదు.

ఇప్పుడు ఆ మత్తుని ఒక్కసారిగా ఆపేస్తే? బ్రేకు లేదు, యాక్సిలరేటర్ ఫుల్లు! వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం... మద్యం మానేసినవాళ్లలో సాధారణంగా రెండు రోజుల తర్వాత వచ్చే ఈ తీవ్ర స్థితిని ‘డెలీరియం ట్రెమెన్స్’ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. నిద్రమాత్రలు ఆపినా ఇంచుమించు ఇదే ప్రమాదం. మేడమ్ చెబుతుంటే నాకు బోర్డు కనబడలేదు. వెనక గదే కనిపించింది.

2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం క్యూ కట్టింది ఇందుకే. వాళ్లు ‘తాగడానికి దొరక్క పిచ్చెక్కినవాళ్లు’ కాదు. బ్రేకు తెగినవాళ్లు.

అన్నీ ఒకటి కాదు

‘డ్రగ్స్’ అని అన్నింటినీ ఒకే గాటన కడతాం కదా, చదివాక అది ఎంత తప్పో తెలిసింది. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లు మానేస్తే ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నరకం కనిపిస్తుంది. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి దానివల్లే ప్రాణం పోవడం అరుదు. అసలు గండం తర్వాత ఉంది. కొన్ని వారాలు మానేశాక శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్లీ పాత డోసే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే సెంటర్ నుంచి ఇంటికి వెళ్లే రోజే మేం ఎక్కువ జాగ్రత్తలు చెప్తాం.

మెథ్, కొకైన్ లాంటి ఉత్ప్రేరకాలు దిగాక మనసు పాతాళానికి పడిపోతుంది. అప్పుడు చూడాల్సింది ఆత్మహత్య ఆలోచనలని. ఇక గంజాయి. ‘అది ఆకే కదా అక్కా’ అన్నాడు ఓ బీటెక్ కుర్రాడు. ‘పొగాకు కూడా ఆకేరా’ అన్నా. నవ్వాడు, అప్పుడు మాట కలిసింది. అందులోని టీహెచ్‌సీ కొవ్వులో కరిగి ఒంట్లో రోజుల తరబడి ఉండిపోతుందని చెప్పా. తాగే ప్రతివాళ్లకీ పిచ్చెక్కదు గానీ చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవాళ్లకి, ఇంట్లో మానసిక వ్యాధులున్నవాళ్లకి సైకోసిస్ ముప్పు ఎక్కువ అన్నా. అతను వెంటనే, ‘మా మామయ్యకి అలాంటిదే ఉంది’ అన్నాడు మెల్లగా. భయపెట్టి ఉంటే ఆ మాట బయటికొచ్చేది కాదు.

మందు ఒక్కటే కథ కాదు

మెదడు కెమిస్ట్రీ ఎంత చదివినా మనిషి చుట్టూ ఉన్నది చూడకపోతే సగమే తెలిసినట్టు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కి అలవాటుపడిన అమెరికా సైనికుల మీద 1970ల్లో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేశారు. ఇంటికి తిరిగొచ్చాక వాళ్లలో చాలామంది మళ్లీ వ్యసనంలో పడలేదు. ఆ యుద్ధం, ఆ చోటు, ఆ స్నేహాలు మారిపోయాయి మరి. మా చిన్నాయన మాత్రం ఆస్పత్రి నుంచి తిరిగొచ్చింది అదే ఊరికి, కల్లు దుకాణం ముందున్న అదే దారికి. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి డాక్టర్లు మందులు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు. చిన్నమ్మ ఆయన్ని సాయంత్రాలు చెల్క వైపు తీసుకెళ్లడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లో ఎవరైనా ఉంటే...

‘మానెయ్’ అనే ముందు నాలుగు సంగతులు తెలుసుకోండి. ఏం తీసుకుంటున్నారు? రోజుకి ఎంత? ఎన్నేళ్లుగా? చివరిసారి ఎప్పుడు? ఈ నాలుగూ డాక్టర్‌కి చెప్పండి. మద్యం, నిద్రమాత్రలు, మందు కల్లు రోజూ తీసుకునేవాళ్లని ఇంట్లో సొంతంగా ఒక్కసారిగా మాన్పించొద్దు. ఫిట్స్ వచ్చినా, తికమకగా మాట్లాడుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చేయొచ్చు. మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితమే.

మొన్న ఊరెళ్లినప్పుడు తాళం చెవి సంగతి చిన్నాయనకి చెప్పేశా. ఇన్నేళ్లుగా నోరు రాలేదు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. ‘ఆ మూడు దినాలు నాకు యాదికే లేవు బిడ్డా’ అన్నాడు. తర్వాత మళ్లీ ఆయనే, ‘నువ్వు నా మంచికే జేసినవ్. గని అప్పుడు ఎవరన్న చెప్పేటోళ్లుంటే బాగుండు’ అన్నాడు.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే ప్రతి ఇంటివాళ్లకీ మొదట ఆ సంగతే చెప్తున్నా.