కంపోస్టు దిబ్బలోని వేడి - దానిని తట్టుకొను సూక్ష్మజీవులు

చెత్త, పేడ, గడ్డి వరుసలుగా పేర్చి తడిపిన కంపోస్టు దిబ్బ మూడు నాలుగు దినములలో వేడెక్కుటయు, తెల్లవారుజామున దానిపై ఆవిరి లేచుటయు రైతులందరును చూచినదే. కొందరు ఆ వేడి వలన ఎరువులోని సారము కాలిపోవుచున్నదని తలచి కడవలకొద్ది నీరు పోసి చల్లార్చుదురు. మరికొందరు పేడను పలుచగా పరచి, అసలు వేడెక్కుటకే అవకాశమీయరు. ఈ రెండు పనుల వలనను నష్టము కలదు. ఆ వేడి ఎట్లు పుట్టునో, అందులో బ్రదుకు జీవులెట్టివో తెలిసినచో, దిబ్బను ఎప్పుడు తిరుగవేయవలెనో, ఎప్పుడు ముట్టుకొనరాదో రైతుకే తేటపడును.

దిబ్బ వేసిన మొదటి దినములలో 20 నుండి 40 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గల వేడిలో పెరుగు సూక్ష్మజీవులు పని చేయును. అవి చెత్తలోని చక్కెరలను, పిండిపదార్థములను తిని శ్వాసించునపుడు వేడి పుట్టును. దిబ్బ తగినంత పెద్దదైనచో ఆ వేడి బయటికి పోలేక లోపలనే నిలుచును. 45 డిగ్రీలు దాటగానే ఈ జీవులు క్షీణించి, వేడిని కోరు బాక్టీరియా విజృంభించును. ఇవి క్రొత్తగా ఎక్కడనుండియో రావు. మట్టిలోను, పేడలోను ముందే ఉండి తగిన వేడికై కాచుకొనియుండును.

మనుష్యునకు జ్వరము 42 డిగ్రీలకు చేరిన ప్రాణాపాయము. 60 డిగ్రీల నీటిలో మనము చేయి ఉంచలేము. అట్టి వేడిలో ఒక జీవి తిని, పెరిగి, వృద్ధి పొందుట ఎట్లు? కోడిగ్రుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడునట్లు సామాన్య జీవుల మాంసకృత్తులు వేడికి చెడును. వేడిని కోరు జీవుల మాంసకృత్తులు అట్లు చెడకుండ బిగువుగా అమరియుండును. అయినను ఇది సగము సంగతియే. మిగిలిన సగము కణము చుట్టును ఉండు పొరలో నున్నది.

ఈ పొర ఎంత పలుచనిదనగా, ఒక మిల్లీమీటరును 2 లక్షల భాగములు చేసినచో అందొక భాగమంత మందము. ఇది ముఖ్యముగా క్రొవ్వు జాతి పదార్థముతో రెండు వరుసలుగా ఏర్పడును. ఒక్కొక్క క్రొవ్వు అణువునకు నీటిని కోరు తల ఒకటి, నీటిని ఒల్లని తోకలు రెండు ఉండును. తలలు వెలుపలికి, తోకలు లోపలికి తిరిగియుండును. తోక తిన్నగా నున్నదా, వంగియున్నదా అనునదే ఇందు కీలకము. జొన్నచొప్పను మోపు కట్టిచూడుడు, కట్టె ప్రక్క కట్టె ఒదిగి గట్టిగా నిలుచును. తుమ్మకంపను ఎంత త్రొక్కినను ఒదుగదు, నడుమ సందులే. తిన్నని తోకల క్రొవ్వు గట్టిగాను, వంకర తోకల క్రొవ్వు పలుచగాను ఉండుటకు కారణమిదే. పుష్యమాసపు చలికి నెయ్యి, కొబ్బరినూనె పేరుకొనగా, నువ్వులనూనె పేరుకొనకుండుట మీ యింటనే చూడవచ్చును.

పొర మరీ పలుచనైన లోపలి లవణములు కారిపోయి కణము చచ్చును. మరీ గట్టిపడిన ఆహారము లోనికి పోదు. కావున జీవి తానున్న వేడికి తగినట్లు పొరను దిద్దుకొనవలెను. మన ప్రేవులలో నుండు ఇ. కోలై అను బాక్టీరియా వేరువేరు ఉష్ణోగ్రతలలో పెరిగినను, తిన్నని తోకలను వంకర తోకలను హెచ్చుతగ్గులుగ కలిపి పొర పలుచదనమును ఒకే తీరున నిలుపుకొనునని 1974లో మైకేల్ సినెన్‌స్కీ చూపెను. దిబ్బలలో విరివిగా కనబడు గియోబాసిల్లస్ జాతి బాక్టీరియాయు వేడి పెరిగిన కొలది పొడవైన, తిన్నని తోకలనే ఎక్కువగా తయారు చేసికొనును.

ఇంతకన్న వేడిలో బ్రదుకు జీవులును కలవు. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల నుండి టామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ అనువారు 1966లో తీసి, 1969లో థెర్మస్ అక్వాటికస్ అని పేరిడిన బాక్టీరియా 70 డిగ్రీలలో సుఖముగా పెరుగును. దాని నుండి తీసిన ఒక ఎంజైమే తరువాత రోగనిర్ధారణ పరీక్షలకు ఆధారమైనది. సల్ఫోలోబస్ అను మరియొక జీవి మరిగెడు ఆమ్లపు ఊటలలో నుండును. ఇది బాక్టీరియా కాదు, ఆర్కియా అను వేరు తెగ. దాని పొరలోని క్రొవ్వు అణువులలో ఎక్కువ భాగము రెండు వరుసలుగా కాక, ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు ఒకటే అణువుగా సాగియుండును. రెండు దుప్పట్లను ఒకదానిపై నొకటి పరచినచో జారిపోవును. బొంతగా కుట్టినచో జారవు. అటువంటిదే ఈ ఏర్పాటు.

మొక్కలకును ఇదే లెక్క. ప్రొద్దుతిరుగుడు గింజ చల్లని వాతావరణములో పండినచో దాని నూనెలో వంకర తోకలు గల లినోలియిక్ ఆమ్లము హెచ్చును. దాళ్వా వరి నారు డిసెంబరు చలికి పచ్చబారి ఎదుగక నిలుచుటకు కణముల పొర బిగుసుకొనుట ఒక కారణము. రాత్రి నిలిచిన చల్లని నీటిని ఉదయము తీసివేసి, వెచ్చగానుండు బోరునీటిని పెట్టుట అందువలననే మేలు.

ఇక దిబ్బ సంగతి. కలుపు విత్తనములకును, రోగకారక క్రిములకును, ఏలికపాముల గ్రుడ్లకును వేడిని తట్టుకొను ఏర్పాటు లేదు. దిబ్బ 55 డిగ్రీలకు పైగా కొన్ని దినములు నిలిచినచో ఇవి చాలవరకు నశించును. వేడెక్కని పెంటను పొలమునకు తోలినచో కలుపును మనమే చల్లుకొన్నట్లు. వీధి చెత్తతో కంపోస్టు చేయించు పంచాయతీలవారు దీనిని మరింత గట్టిగా పాటింపవలెను. ఆ చెత్తలో మానవ మలము కలియుట అరుదు కాదు.

దిబ్బ ఎత్తు ఒక మీటరునకు తగ్గరాదు. తగ్గిన వేడి నిలువదు. పిడికెడు పదార్థమును తీసి పిండినచో వ్రేళ్ల మధ్య రెండు మూడు చుక్కలు కనబడవలెను. ధారగా కారిన నీరెక్కువైనదని, గాలి ఆడదని గ్రహింపవలెను. థర్మామీటరు లేనివారు ఇనుప చువ్వను దిబ్బ నడుమకు గ్రుచ్చి పది నిమిషములుంచి, తీసి పట్టుకొని చూడవచ్చును. చేతికి తాళనంత వేడియున్నచో పని సాగుచున్నదన్నమాట. అయితే వెలుపలి భాగము ఎన్నడును అంత వేడెక్కదు. కావున పదిహేను దినములలో అయిదుమారులైనను వెలుపలిది లోపలికి, లోపలిది వెలుపలికి వచ్చునట్లు తిరుగవేయవలెను. కూలీల ఖర్చు ఎక్కువని ఈ పనిని మానుట సాధారణమైనది, కాని ఎరువు నాణ్యమంతయు ఇందే యున్నది.

వేడి 65 డిగ్రీలను మించి పైపైకి పోవుచున్నచో మాత్రము, ఉపకారము చేయు జీవులే చావనారంభించును, నత్రజనియు అమ్మోనియాగా ఎగిరిపోవును. అపుడు దిబ్బను విప్పి తిరుగవేసి, పొడిగా నున్నచోట్ల కొద్దిగా నీరు చిలకరించిన చాలును. కడవలకొద్ది పోయనక్కరలేదు. తిరుగవేసినను మరల వేడెక్కకున్నచో, తడి తగినంత యున్నచో, ఆహారము తరిగినదని తెలియవలెను. వానపాముల ఎరువు చేయదలచినవారు దిబ్బ 30 డిగ్రీలకు దిగిన పిదపనే వానపాములను వదలవలెను. అంతకుముందు వదలినచో చచ్చును.