యూరియాకు మూలమైన వాయువును భూగర్భమున కనిపెట్టు విధము

బొంరాస్‌పేట ప్రాంతపు రైతులు పైరులకు చల్లు యూరియాకు ముడిసరకు సహజవాయువు. వాయువునుండి ఉదజనిని వేరుచేసి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియాను, దానినుండి యూరియాను చేయుదురు. రామగుండమున బొగ్గుతో నడచిన పాత కర్మాగారము 1999లో మూతపడెను. అచ్చటనే వాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021 మార్చి 22 నుండి వాణిజ్యోత్పత్తి చేయుచున్నది. సాలుకు 12.7 లక్షల టన్నులు దాని శక్తి. కావున భూగర్భమున వాయువెంత గలదో కొలుచు విద్య మనకు సంబంధించినదే యని మేము తలంచి దీనిని వ్రాయుచున్నాము.

భూమి క్రింద చమురు చెరువువలె నిలిచియుండునని పలువురనుకొందురు. అట్లు కాదు. ఇసుక నింపిన కుండలో నీరు పోసినచో అది రేణువుల సందులలో నిలుచునట్లు, వాయువును చమురును ఇసుకరాతి సందులలో నిలుచును. పైన బంకమట్టి రాయి మూతవలె నుండవలెను. అనంతగిరి కొండల నల్లరాయి అగ్నిపర్వతముల ద్రవము చల్లారి గట్టిపడినది. అందట్టి సందులు లేవు. కృష్ణా గోదావరీ నదులు యుగయుగములుగా ఇసుకయు ఒండ్రును పేర్చిన తీరమునను, దాని ముందరి సముద్రమునను గలవు.

శోధకులు నేలపై చిన్న గుంటలలో మందుగుండు పేల్చియో, బరువైన యంత్రముతో నేలను కదలించియో అదురు పుట్టింతురు. సముద్రమున ఓడవెనుక గాలితుపాకులను ప్రేల్చుదురు. ఆ అదురు ఒక్కొక్క పొరకు తగిలి మరలివచ్చు కాలమును వేలకొలది యంత్రములు గుర్తించును. కాలమునుబట్టి లోతు, ధ్వని బలమునుబట్టి రాతి గుణము తెలియును. అదురు నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు, నల్లసేనపు రాతిలో 5000 మీటర్లకు పైగా పోవును. వాయువు నిండిన ఇసుకరాతిలో వేగము తగ్గును. అందుచే ప్రతిధ్వని మిక్కిలి గట్టిగా వచ్చును.

చిక్కంతయు ఇచ్చటనే గలదు. సందులలో వాయువు కొద్దిగా నున్నను, నిండుగా నున్నను ప్రతిధ్వని ఇంచుమించు ఒక్కటే. అందుచే బావి త్రవ్వి, రాతిముక్క తీసి పోల్చినగాని లెక్క నిలువదు.

కాకినాడకు ఎదురుగా లోతైన సముద్రమున 2002లో రిలయన్సు సంస్థవారు కనుగొనిన కేజీ-డీ6 క్షేత్రమున 2009 ఏప్రిలులో వాయువు ఉత్పత్తి మొదలయ్యెను. దినమునకు 8 కోట్ల ఘనపు మీటర్లు వచ్చునని ప్రణాళిక. 2010లో సుమారు 6 కోట్లకు చేరి, పిదప వేగముగా తగ్గెను. మొదటి ప్రధాన నిక్షేపములు 2020 ఫిబ్రవరిలో మూతపడినవి. భూగర్భపు పొరలు తాము తలచినదానికంటె చిక్కుగా నున్నవని సంస్థవారును, అనుకొనినన్ని బావులు త్రవ్వలేదని ప్రభుత్వమువారును వాదించిరి. ఆ క్షేత్రముననే 2020 డిసెంబరు మొదలు క్రొత్త నిక్షేపములనుండి వాయువు వచ్చుచున్నది.

మన పొలములలో బోరుకు చోటు చూపు యంత్రము సాధారణముగా ఈ అదురు యంత్రము కాదు. నేలలోనికి విద్యుత్తును పంపి, అది ఎంత సులభముగా పారునో కొలుచునట్టిది. తడిరాతివలెనే బంకమట్టియు విద్యుత్తును పారనిచ్చును. కొలతకు వచ్చినవారిని చుట్టుప్రక్కల బోరుల లోతు, నీరు పడిన రాతిపొర విచారించిరా యని అడుగుడు. ఎండిన బోరుల వివరము సహితము వారికి చెప్పుడు.