శ్రీకాళహస్తి: నది ఒడ్డున కలంకారీ

ఢిల్లీలోని దిల్లీ హాట్‌కు గాని, ఫరీదాబాద్ దగ్గర జరిగే సూరజ్‌కుండ్ మేళాకు గాని మీరు వెళ్ళి ఉంటే, రామాయణ కథను గడులు గడులుగా చిత్రించిన గుడ్డలు చూసే ఉంటారు. వాటిని కలంకారీ వస్త్రాలంటారు. చేతితో గీసే కలంకారీకి పేరుపొందిన ఊరు శ్రీకాళహస్తి. ఇది తిరుపతికి సుమారు 36 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి నది ఒడ్డున ఉంది. ఈ కళకు నదితో ఏం పని? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇక్కడ 'కలం' అంటే వెదురు పుల్ల. దాని కొనను చెక్కి, కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో కడతారు. ఆ గుడ్డను రంగులో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తారు. (మచిలీపట్నం, పెడన ప్రాంతంలో కొయ్య అచ్చులతో అద్దుతారు. అది వేరే పద్ధతి.) నూలు గుడ్డను ముందుగా కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకొని, దానిపై నల్లగీతలు దిద్దుతారు. ఈ నలుపు తయారీ తమాషాగా ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో కొన్ని వారాలు నానబెడతారు. ఆ నీరు గుడ్డమీది కరక్కాయ వగరుకు తగలగానే నల్లబడుతుంది.

ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. నది అవసరం ఇక్కడే. పారే నీటిలో జాడిస్తే గుడ్డకు పట్టని పటిక కొట్టుకుపోతుంది. నిలవ నీటిలో జాడిస్తే అదే పటిక ఖాళీ జాగాలకు అంటుకుంటుంది. తరువాత గుడ్డను ఎర్రరంగు నీళ్ళలో ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్న ప్రతిచోటా ఎరుపు పట్టి, బొమ్మ పాడవుతుంది. ఉడికిన గుడ్డను పేడ నీళ్ళలో నానబెట్టి, నది ఇసుకపై ఎండలో పరచి తెలుపు తేలుస్తారు. పసుపు, నీలం ఆ తరువాతే.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఈ కళ దాదాపు అడుగంటింది. 1950ల చివర, కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది.

ఇప్పటి చిక్కు నీటిది. స్వర్ణముఖి వానల మీద ఆధారపడిన నది. ఏడాదిలో చాలా నెలలు అందులో ఇసుకే కనిపిస్తుంది. అందుకని బోరు నీటితో తొట్లలో ఉతుకుతున్నారు. దీనికి నీరు మార్చి మార్చి పోయాలి, ఖర్చు పెరుగుతుంది. బోరు నీటిలో ఇనుము ఎక్కువైతే ఎరుపు మసకబారుతుంది కూడా.

ఈ ఊరికి వచ్చే యాత్రికులలో ఎక్కువమంది వాయులింగ దర్శనం చేసుకొని బస్సెక్కేస్తారు. అది తొందరపాటే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోగా, దాని స్థానంలో లేచిన కొత్త గోపురం 2017 నుంచి కనబడుతోంది. కాళ్ళలో ఓపిక ఉంటే ఉదయాన్నే కన్నప్ప కొండ ఎక్కండి. గుడి, ఊరు, నది ఒక్కచూపులో కనిపిస్తాయి. దిగి వచ్చాక కలంకారీ పని చేసే ఇళ్ళకు వెళ్ళండి. యంత్రంపై అచ్చు వేసిన నకళ్ళు కూడా బజారులో ఉన్నాయి కనుక, కొనేముందు గుడ్డను తిప్పి వెనకవైపు చూడండి. చేతిపనిలో రంగు వెనక్కి దిగి ఉంటుంది, ఒకే బొమ్మను రెండుసార్లు గీసినా గీతలు అచ్చంగా ఒకేలా ఉండవు.