నల్ల సైకిల్ సుఖం

రెంజల్, బోధన్ చుట్టూ నేల దాదాపు చదునే. నల్లరేగడి, నిజాంసాగర్ కాలువ నీళ్లు, వరి, చెరకు. ఎత్తులు ఎక్కాల్సిన పని పెద్దగా లేని చోటు. అయినా ఇక్కడ సైకిల్ కొనబోతే ముందు చూపించేది లావు టైర్ల రేంజర్, తర్వాత గేర్ల బండి. మూలన ఉన్న పెద్ద నల్ల సైకిల్ పాతకాలం వాళ్లదని వదిలేస్తారు. రోజూ తొక్కేవాళ్లకు కావలసిన సుఖం ఎక్కువగా ఆ నల్లదానిలోనే ఉందని నా వాదన.

దాని తాత 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో పుట్టింది. అప్పటిదాకా ఎక్కువ సైకిళ్లకు పెడళ్లు నేరుగా ముందు చక్రానికే ఉండేవి. వేగం కావాలంటే చక్రాన్ని పెంచాల్సిందే. అందుకే అది మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది, గతుకు తగిలితే తొక్కేవాడు తలకిందులుగా పడేవాడు. జాన్ కెంప్ స్టార్లీ తన 'రోవర్' సైకిల్‌లో చైనుతో వెనక చక్రాన్ని తిప్పించాడు. పెడల్ దగ్గర 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే ఒక్క తొక్కుకు చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రమైతే అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతాం. చదును నేల మీద ఈ ఒక్క గేరు చాలు.

మూడేళ్లకు, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైర్లు తొడిగాడు. అసలు సుఖం అక్కడ మొదలైంది. గట్టి రబ్బరు చక్రం రాయి ఎక్కితే బండీ మనిషీ కలిసి ఎగరాలి. గాలి టైరు రాయి తగిలిన చోట మాత్రం లోపలికి నొక్కుకుంటుంది, పైన మనిషికి కుదుపు తగ్గుతుంది. శ్రమా తగ్గుతుంది, కుదుపులో పోయే బలమంతా మన కాళ్లదే కదా!

మన దేశంలో 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. ఊళ్లకు చేరింది ఇంగ్లిష్ రోడ్‌స్టర్ నమూనాయే, అదే మన నల్ల సైకిల్. దాన్ని పక్క నుంచి చూడండి. ముందు ఫోర్కు బాగా వాలి, చివర ముందుకు వంగి ఉంటుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువ. కాబట్టి గతుకుల్లో హ్యాండిల్ అంతగా అదరదు, బండి తొణకదు. హ్యాండిల్ పిడులు మన వైపుకే వంగి ఉంటాయి, నడుము నిటారుగా ఉంటుంది, అరచేతుల మీద బరువు పడదు. ఆ బరువంతా సీటు మీదికి వస్తుంది గనకే దాని కింద అంత లావు స్ప్రింగులు. నిటారుగా కూర్చుంటే ఎదురుగాలి ఎక్కువ తగలదా అంటే, తగులుతుంది. కానీ గాలి అడ్డు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. గంటకు 12, 15 కిలోమీటర్లు పోయేవాళ్లకు అది పెద్ద బాధ కాదు.

లోపాలు లేవనను. బరువు దాదాపు 20 కిలోలు. వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద రాడ్ బ్రేకులు సరిగా పట్టవు. అడ్డ కడ్డీ వల్ల చీర కట్టినవాళ్లకూ పొట్టివాళ్లకూ ఎక్కడం కష్టం. పిల్లలు ఫ్రేమ్ సందులోంచి కాలు దూర్చి కైంచీ తొక్కుడు నేర్చింది కూడా ఆ కడ్డీ వల్లే! అది ఎక్కలేనివాళ్లకు ఇదే తీరుగా కూర్చోబెట్టే, కడ్డీ కిందికి వంచిన లేడీస్ ఫ్రేమ్ మేలు.

రేంజర్ వెనక షాకర్ మాత్రం తారు రోడ్డు మీద దండగ. తొక్కిన ప్రతిసారీ కొంత బలం అదే మింగేస్తుంది. మెత్తటి నురగ సీటూ అంతే. ఎముకలు అందులో దిగబడి, ఒత్తిడి సున్నితమైన చోటికి చేరుతుంది.

డబ్బులిచ్చే ముందు సీటెక్కి, అడుగున ఉన్న పెడల్ మీద మడమ ఆనించండి. మోకాలు దాదాపు చాపుకుని ఉండాలి. లేకపోతే సీటు పెంచమనండి. అప్పటికీ కుదరకపోతే ఆ ఫ్రేమ్ మీది కాదు, ఇంకోటి చూపించమనండి.